లెక్కలు రాని పిల్లలు – బి.కాం. చదువు

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన తరువాత నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల సంఘాల తనిఖీకి పోయినప్పుడు, పాల రిజిస్టరు తెరవక మునుపే మాకు ఒక ప్రశ్న ఎదురవుతూ ఉంటుంది. “సారూ, మా పిల్ల సీఈసీ పాసైంది. బి.కాం. చదువుతానంటది. లెక్కలు మాత్రం రావు. చేర్పియ్యమంటరా, వద్దంటరా?” అడిగేది పాలు పోసే సభ్యులే. ఒక్కొక్కచోట కార్యదర్శి తన కొడుకు గురించి ఇదే మాట అడుగుతాడు. ఒక ఊరిలో చెప్పిన జవాబు పక్క ఊరికి చేరదు కనుక కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాము.

చేర్పించవచ్చును. అయితే కాలేజీ తెరిచేలోగా దొరికే ఏడెనిమిది వారాలను పోనివ్వకూడదు. ఆ వారాలలో ఏమి చేయాలన్నదే ఈ వ్యాసం.

ముందుగా అర్హత సంగతి. మన విశ్వవిద్యాలయాలలో బి.కాం. చేరడానికి ఇంటర్‌లో గణితం చదివి ఉండాలన్న నిబంధన లేదు. సీఈసీ వారు, ఎంఈసీ వారు, ఇతర గ్రూపుల వారు కూడా చేరుతున్నారు. ఈ రెండు ఉమ్మడి జిల్లాల కాలేజీలు పూర్వం ఉస్మానియా కింద ఉండేవి. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. 2016 నుంచి డిగ్రీ సీట్ల భర్తీ ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నది. ఉద్యోగం చేసుకుంటూ చదవదలచిన వారికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అన్న పేరుతో మొదలైన సంస్థే ఇది. మా ఎరుకలో కొందరు సంఘ కార్యదర్శులు పొద్దున, సాయంత్రం పాలు పట్టుకుంటూనే ఈ దారిన డిగ్రీ పూర్తి చేసినారు.

కనుక సీటు పెద్ద చిక్కు కాదు. తలుపు ఇంత బార్లా తెరిచి ఉండటమే ఒక విధంగా చిక్కు. పదవ తరగతి గణితం అత్తెసరు మార్కులతో గట్టెక్కి, ఇంటర్ రెండేళ్లు అంకె ముట్టకుండా గడిపిన విద్యార్థి నేరుగా లోపలికి వస్తాడు. మొదట్లో వాణిజ్య వ్యవస్థ, నిర్వహణ వంటి చదివి రాసే పేపర్లు ఆదుకుంటాయి. తరువాత ఉన్నత అకౌంటింగు, వ్యాపార గణాంక శాస్త్రం, ఆదాయపు పన్ను, కాస్ట్ అకౌంటింగు ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడతాయి. అక్కడ ఒక పేపరు మిగిలితే అది మరుసటి సెమిస్టరు మీద కూర్చుంటుంది. ఆడపిల్ల అయితే ఇంట్లో మాట మారిపోతుంది. “ఇంక చాలు, సంబంధాలు చూద్దాం” అంటారు. ఒక్క స్టాటిస్టిక్స్ పేపరు మిగిలి డిగ్రీ పట్టా లేకుండా ఆగిపోయిన పిల్లలను మేము చూసినాము. వాళ్లు తెలివిలేని వారేమీ కారు. ఇంట్లో పదిహేను రోజుల పాల బిల్లులో తప్పు పట్టేది వాళ్లే.

‘లెక్కలు రావు’ అన్న మాటను కాస్త విప్పి చూడవలసి ఉన్నది. విచారిస్తే చాలాసార్లు అది ఒక తరగతి దగ్గర, ఒక పాఠం దగ్గర ఆగుతుంది. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు కుటుంబాలు పనుల కాలంలో ముంబాయికి, పుణెకు వలస పోవడం తరతరాలుగా ఉన్నదే. దసరా దాటాక పోయి ఉగాదికి తిరిగివచ్చే ఇంటిలో పిల్లవాడు వెంటపోతే నాలుగు, ఐదు, ఆరు తరగతులలో ఆ నెలల చదువు పోతుంది. భిన్నాలు, దశాంశాలు, శాతాలు చెప్పేది ఆ తరగతులలోనే. ఆ ఖాళీ మీద ఎనిమిదో తరగతి బీజగణితం నిలవదు, దాని మీద తొమ్మిది, పది నిలవవు. పదో తరగతిలో త్రికోణమితి రాలేదని పిల్లవాడు బాధపడతాడు గాని, అసలు జారింది ముప్పావులో పావు ఎంత అన్న దగ్గర. దీనిలో ఒక మేలు ఉన్నది. బి.కాం.కు త్రికోణమితి అక్కరలేదు; జారిపోయిన ఆ కింది మెట్లే కావాలి.

ఈ మాట నమ్మని వారికి ఒక సంగతి. జంటపద్దు విధానాన్ని మొదటిసారి అచ్చులో వివరించిన లూకా పాచియోలీ ఇటలీ దేశపు క్రైస్తవ సన్యాసి, గణిత బోధకుడు. 1494లో వెనిస్‌లో అచ్చయిన ఆయన గ్రంథం అంకగణితం, బీజగణితం, క్షేత్రగణితం అన్నీ కలిసినది. అందులో ఒక భాగం మాత్రమే వర్తకుల పద్దులకు చెందినది. ఆ భాగానికి కావలసింది కూడిక, తీసివేత, ఓపిక. మన దగ్గర కూడా బడి ముఖం చూడని ముసలమ్మలు సంతలో ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయల చొప్పున మారకం లెక్క నోటితో కట్టేవారని పెద్దలు చెబుతారు. హాలీ సిక్కా 1959లో పోయింది, ఆ లెక్క కట్టిన తరమూ దాదాపు పోయింది. ఆ లెక్కకు నేటి పుస్తకంలో పేరు నిష్పత్తి.

బి.కాం.లో గట్టిగా కావలసినవి ఇవి: ఇరవై దాకా ఎక్కాలు, భిన్నాలు, దశాంశాలు, శాతాలు, నిష్పత్తులు, సరాసరి, వడ్డీ, కూడిక–తీసివేత గుర్తులు, ఒక తెలియని రాశి ఉన్న చిన్న సమీకరణం, వర్గాలు, వర్గమూలాలు. ఇంతకు మించినవి అక్కడక్కడ తగులుతాయి, వచ్చినప్పుడు నేర్చుకోవచ్చును. పైన చెప్పినవన్నీ పాల సంఘం పుస్తకాలలో రోజూ జరిగేవే కనుక ఉదాహరణలు అక్కడినుంచే తీసుకుంటాము. ఇందులోని ధరలు అభ్యాసం కోసం మేము వేసుకున్నవి, ఏ యూనియన్ ధరలూ కావు.

శాతం. పాల ధరను వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. రెంటి మీద కట్టే పద్ధతిలో వెన్న కిలోకు 600 రూపాయలు, ఎస్.ఎన్.ఎఫ్. కిలోకు దానిలో మూడింట రెండు వంతులు, అంటే 400 రూపాయలు అనుకుందాము. 6 శాతం వెన్న, 9 శాతం ఎస్.ఎన్.ఎఫ్. ఉన్న బర్రె పాలు 10 కిలోలు పోస్తే వెన్న 600 గ్రాములు, దాని విలువ 360 రూపాయలు. ఎస్.ఎన్.ఎఫ్. 900 గ్రాములు, దాని విలువా 360 రూపాయలే. మొత్తం 720. రెండు భాగాలూ సరిసమానం ఎందుకు అయ్యాయో విద్యార్థిని ఆలోచించమనాలి. 6, 9 అంకెల నిష్పత్తి 2:3. ధరల నిష్పత్తి 3:2. ఒకదాన్నొకటి సరిచేసుకున్నాయి. ఇది ఎవరూ చెప్పకుండా తానే కనిపెట్టిన పిల్లకు ఇక నిష్పత్తి భయం ఉండదు.

సరాసరి. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే సంఘాలలో తగవులు ఇక్కడే పుడుతున్నాయి. ఒక పూట 7 శాతం వెన్న ఉన్న పాలు 40 కిలోలు, 5 శాతం ఉన్న పాలు 160 కిలోలు వచ్చినాయి. రెండూ కలిపితే వెన్న ఎంత? పదిమందిని అడిగితే ఎక్కువమంది ఏడు, ఐదు కూడి రెండుతో భాగించి ఆరు అంటారు. డెయిరీ నుంచి వచ్చిన చీటీలో 5.4 ఉంటుంది. 200 కిలోల మీద 0.6 శాతం అంటే 1.2 కిలోల వెన్న, పై ధర ప్రకారం 720 రూపాయలు. “ఒక్క పూటకే ఇంత తిన్నడు” అని కార్యదర్శి మీద సర్వసభ్య సమావేశంలో కేకలు. నిజానికి పోయినది ఏమీ లేదు. 40 కిలోలలో వెన్న 2.8 కిలోలు, 160 కిలోలలో 8 కిలోలు, మొత్తం 10.8. దాన్ని 200తో భాగిస్తే 5.4 శాతమే. దీనినే భారిత సరాసరి అంటారు. ఇది స్టాటిస్టిక్స్‌లో వస్తుంది, సరుకు విలువ కట్టేటప్పుడు కాస్ట్ అకౌంటింగులో మళ్లీ వస్తుంది. నిజంగా తిన్న కార్యదర్శులు లేరని మేము అనడం లేదు. కాని తినని వాడి మీద నింద పడకుండా కాపాడేదీ, తిన్నవాడిని పట్టించేదీ ఈ ఒక్క లెక్కే.

శాతం దేని మీద అన్న ప్రశ్న. సంఘం దాణా బస్తాను 1,200 రూపాయలకు కొని 1,500కు అమ్మితే లాభం 300. కొన్న ధర మీద ఇది 25 శాతం, అమ్మిన ధర మీద 20 శాతం. అంటే నాలుగో వంతూ, ఐదో వంతూ. సరుకును ఖరీదుకు 25 శాతం కలిపిన ధరకు శాఖకు పంపినారు, అందులో కలిపినది ఎంతో తీయండి అని అకౌంటింగు ప్రశ్నలలో తరచుగా అడుగుతారు. ఇన్వాయిసు ధరలో ఐదో వంతు తీయవలసిన చోట నాలుగో వంతు తీసి, మిగిలిన నాలుగు పేజీలు చక్కగా చేసి కూడా మార్కులు పోగొట్టుకుంటారు. ప్రతి శాతం పక్కన ‘దేని మీద’ అని పెన్సిలుతో రాసుకునే అలవాటు చేసుకోవాలి.

తరుగుదల కూడా శాతమే. పాలు పరీక్షించే యంత్రం 40,000 రూపాయలు, ఏటా 10 శాతం తరుగు. స్థిర వాయిదా పద్ధతిలో ఏటా 4,000 చొప్పున మూడేళ్లకు మిగిలేది 28,000. తగ్గుతున్న విలువ మీద కడితే 36,000, తరువాత 32,400, ఆ తరువాత 29,160.

భిన్నాలు భాగస్వామ్య ఖాతాలలో విడవకుండా వెంటపడతాయి. ఇద్దరు 3:2 నిష్పత్తిలో లాభం పంచుకుంటున్నారు, మూడవవాడు ఐదో వంతుకు చేరినాడు. మిగిలిన నాలుగు ఐదవ వంతులను పాతవాళ్లు మూడు, రెండు చొప్పున పంచుకుంటారు. ఒకరికి 12/25, మరొకరికి 8/25, కొత్తవాడికి 5/25. కొత్త నిష్పత్తి 12:8:5. అన్నదమ్ములు భూమి పంచుకుని, తల్లికి ఒక వాటా తీసిపెట్టిన ఇంటిలో పుట్టిన పిల్లలకు ఈ లెక్క కొత్తది కాదు. కాగితం మీద పెట్టేసరికే కొత్తదవుతుంది.

ఇక స్టాటిస్టిక్స్. పేరు విని బెదిరేవారు ఎక్కువ, కాని పేపరులో సగం సరాసరుల చుట్టే తిరుగుతుంది. ఇద్దరు సభ్యుల పాలలో ఐదు రోజుల వెన్న శాతం చూడండి. ఒకరివి 5, 6, 7, 6, 6. మరొకరివి 4, 8, 6, 5, 7. ఇద్దరి సరాసరీ 6. సరాసరి ఒక్కటే చూస్తే తేడా లేదు. తనిఖీకి పోయినవాడు మాత్రం రెండవ సభ్యుని దగ్గర ఆగుతాడు. నీళ్లు కలిశాయా, నమూనా తీసేముందు పాలు సరిగ్గా కలియబెట్టలేదా, ఒక పూట ముందు ధార, ఒక పూట చివరి ధార వచ్చిందా అని అడుగుతాడు. ఈ అనుమానాన్ని అంకెలోకి తెచ్చేదే ప్రామాణిక విచలనం. ప్రతి రోజు అంకెలోంచి సరాసరి తీసివేసి, వచ్చినదాన్ని వర్గం చేసి, అన్నీ కూడి, ఐదుతో భాగించి, వర్గమూలం తీయాలి. మొదటి సభ్యునికి వర్గాల మొత్తం 2, భాగిస్తే 0.4, మూలం సుమారు 0.63. రెండవవారికి వర్గాల మొత్తం 10, భాగిస్తే 2, మూలం సుమారు 1.41. రెండింతలకు పైగా చెదిరి ఉన్నాయి. సూత్రాన్ని బట్టీపట్టేకంటే ముందు ఇటువంటివి పది లెక్కలు చేతితో చేస్తే, తరువాత వచ్చే సహసంబంధం సగం వచ్చినట్టే. సూచీ సంఖ్యలకు దాణా, ఎండుగడ్డి, తవుడు ధరలను రెండేళ్లవి పక్కపక్కన రాసుకుంటే చాలు.

మా అనుభవంలో లెక్కకన్నా భాష ఎక్కువమందిని దెబ్బతీస్తున్నది. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి చిట్టా, ఆవర్జా, అంకణా, ఆస్తి అప్పుల పట్టీ అని నేర్చుకుంటాడు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాలు ఈ మాటలను ఒక దారికి తెచ్చినాయి. డిగ్రీలో చాలా కాలేజీలలో బోధన ఇంగ్లీషులోనే. చిట్టా జర్నల్ అవుతుంది, ఆవర్జా లెడ్జర్, అంకణా ట్రయల్ బ్యాలెన్స్, తరుగుదల డిప్రిసియేషన్, అంకమధ్యమం మీన్, మధ్యగతం మీడియన్, బాహుళకం మోడ్ అవుతాయి. లెక్క వచ్చి కూడా ప్రశ్న అర్థం కాక వదిలేసిన విద్యార్థి “నాకు లెక్కలు రావు” అనే ఇంటికి వచ్చి చెబుతాడు. నోటు పుస్తకం చివర రెండు గీతలు గీసి, ఒకవైపు తెలుగు మాట, ఒకవైపు ఇంగ్లీషు మాట రోజుకు ఐదు చొప్పున రాసుకుంటే కాలేజీ తెరిచేసరికి రెండు వందలు దాటుతాయి.

వేళ సంగతి. రోజుకు ఒక గంట చాలును గాని ప్రతిరోజూ కావాలి. మొదటి రెండు వారాలు ఎక్కాలు, భిన్నాలు. దీనికి ఆరు, ఏడు తరగతుల ప్రభుత్వ గణిత పుస్తకాలే వాడాలి. ఇంటర్ పాసైన పిల్ల ఆరో తరగతి పుస్తకం పట్టుకుంటే చుట్టాలు నవ్వుతారు, నవ్వనివ్వండి. తరువాత మూడు వారాలు శాతాలు, నిష్పత్తులు, వడ్డీ. మిగిలిన రోజులు ఇంటర్ కామర్స్ పుస్తకంలోని చిట్టా నుంచి ఆస్తి అప్పుల పట్టీ దాకా ఒకే ఒక వ్యాపారం లెక్కను మొదటినుంచి చివరిదాకా చేయాలి. మొదట కాగితం మీద చేసి, ఫోనులోని కాలిక్యులేటరుతో సరిచూసుకోవాలి. మొదటే ఫోను పట్టుకుంటే దశాంశ బిందువు ఒక స్థానం జరిగినా తెలియదు. 72 రూపాయల పాలు 720 అని వచ్చినా రాసుకుంటారు. పరీక్ష హాలులోకి కాలిక్యులేటరు రానిస్తారో లేదో, రానిస్తే ఎటువంటిదో కాలేజీలో ముందే అడిగి తెలుసుకోవాలి.

సీటు ఎంచుకునేటప్పుడు ఇంకొక జాగ్రత్త. బి.కాం. జనరల్, కంప్యూటర్ అప్లికేషన్స్ అని వేరువేరు శాఖలు ఉంటాయి. పేరు చూసి కాక ఆ కాలేజీ సెమిస్టరువారీ పేపర్ల పట్టిక తెప్పించుకుని, లెక్క పేపర్లు ఎప్పుడు వస్తున్నాయో చూడాలి. అకౌంటింగు చెప్పే అధ్యాపకుడు ఉన్నారా అన్నది కూడా పాత విద్యార్థులను అడగాలి. మాకు తెలిసిన ఒక కాలేజీలో ఒక ఏడాది స్టాటిస్టిక్స్ చెప్పేవారే లేక పిల్లలు గైడ్లతో పరీక్షకు పోయినారు. అటువంటి చోట గణితం మీద పట్టులేని పిల్లను చేర్పించడం అన్యాయం.

డిగ్రీ తరువాత పైకి పోదలచినవారికి లెక్కలు మళ్లీ ఎదురవుతాయని ముందే తెలిసి ఉండటం మంచిది. చార్టర్డ్ అకౌంటెన్సీ ఫౌండేషన్‌లో గణితం, గణాంకాలతో ఒక పేపరు ఉన్నది. ఎంబీఏకు రాసే ఐసెట్‌లో కూడా గణిత విభాగం ఉన్నది. సహకార రంగంలోనే ఉండదలచిన వారికి ఆనంద్‌లో 1979లో స్థాపించిన ఇర్మా సంస్థ ఉండేది. 2025లో దానినే త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయంగా మార్చినారు. కైరా పాడి రైతులను కూడగట్టిన త్రిభువన్‌దాస్ పటేల్ పేరే దానికి పెట్టినారు. ఇవన్నీ తరువాతి సంగతులు. మొదటి ఏడాది నిలబడితే వీటి గురించి ఆలోచించే తీరిక దొరుకుతుంది.

సభ్య సంఘాలకు ఇందులో ఒక స్వార్థం కూడా ఉన్నదని దాచుకోకుండా చెబుతున్నాము. చాలా సంఘాలలో లెక్క తెలిసినవాడు ఒక్కడే. ఆయన పెళ్లికి పోతే పుస్తకం ఆగుతుంది, జబ్బుపడితే ఆడిట్ ఆగుతుంది, చనిపోతే మూడేళ్ల పద్దులు ఎవరికీ అర్థం కావు. ఆడిట్ లేని సంఘానికి బోనస్ పంపకం చిక్కులో పడుతుంది. ఊరిలో ఇద్దరు బి.కాం. పిల్లలు ఉంటే ఆ పరిస్థితి రాదు.

కాబట్టి పాలకవర్గాలకు మా సూచన. సెలవులలో ఇటువంటి విద్యార్థిని వారానికి రెండు పూటలు పాల కేంద్రంలో కూర్చోబెట్టండి. సంతకం చేయించవద్దు, నగదు ముట్టనివ్వవద్దు. పక్క పుస్తకంలో ఆ పూట లెక్క తనంతట తాను కట్టి, తరువాత కార్యదర్శి లెక్కతో సరిచూసుకోమనండి. నెలాఖరుకు నగదు పుస్తకం నిల్వ, బ్యాంకు పాసుపుస్తకం నిల్వ ఎందుకు కలవలేదో వెతకమనండి. బ్యాంకు సమన్వయ పట్టిక అన్న పాఠం అంతే. ఆడిటరు వచ్చిన రోజున ఒక మూలన కూర్చోనివ్వండి. అభ్యాసం కోసం పాత రిజిస్టరు పేజీలు ఇవ్వదలిస్తే, అసలు పుస్తకం సంఘం గడప దాటకూడదు. నకలు తీసి, సభ్యుల పేర్లు కొట్టివేసి, నంబర్లు మాత్రం ఉంచి ఇవ్వండి.